కార్పోరల్ కోసం వచ్చినవాడు

నేను హాస్పిస్ నర్సుని. ఇక వైద్యంతో లాభం లేదని డాక్టర్లు చెప్పేసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, నొప్పి తెలియకుండా మందులివ్వడం, ఆఖరి గంటల్లో పక్కన కూర్చోవడం నా పని. పేరు వసంతకుమారి. మాది పాలకొల్లు. పదకొండేళ్ళ నుంచి మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్నాం. మా ఆయన లెవి కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మా అమ్మాయి అబిగేల్‌కి పదిహేనేళ్ళు.

మా నాన్నగారు పాస్టరు. ఆయన వెనకాలే చిన్నప్పటి నుంచి సమాధుల తోటకి వెళ్ళినదాన్ని కాబట్టి చావంటే నాకు కొత్త లేదు. ఈ ఉద్యోగంలో నా కళ్ళ ముందే వందమందికి పైగా పోయారు. పోయినవాళ్ళు పోయినట్టే ఉన్నారు. అందుకే ఎర్ల్ డన్‌మోర్ గారి సంగతి మొదట్లో నాకు అర్థం కాలేదు. ఆయన పోవడం లేదు.

నూటొక్క ఏళ్ళ మనిషి. గుండె, మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. రెండు వారాలకి మించి బతకడని డాక్టరు జూన్‌లో చెప్పారు. ఫిబ్రవరి వచ్చింది. ఆయన అలాగే ఉన్నారు, ఎముకల మీద పల్చటి చర్మంతో.

ఊరి చివర ఇటుకల ఇల్లు. వెనక పెరట్లో ఒక వాన కాలువ, దాని అవతల చెట్లు. వెనక గదిలో ఆయన మంచం. ఆ గదికి పెరటివైపు పెద్ద గాజు తలుపు ఉంది. ఎప్పుడు వెళ్ళినా దాని కర్టెన్ మూసే ఉండేది. ఒకసారి గాలి కోసం తీయబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "వద్దు నర్స్" అన్నారు. ఆ చేతిలో అంత బలం ఉంటుందని నేను అనుకోలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆయన ఊపిరి ఆగింది. స్టెతస్కోప్ పెట్టి విన్నాను. గుండె కొట్టుకోవడం లేదు. గడియారం చూసుకున్నాను. నాలుగు నిమిషాలు గడిచాయి. కొడుకు రోజర్‌కి ఫోన్ చేద్దామని లేచాను. అప్పుడు ఒక వాసన వచ్చింది. ఎండాకాలంలో మా ఊళ్ళో కాలవ కట్టేస్తే, అడుగున మిగిలిన బురద నుంచి వచ్చే వాసన. దానితో పాటు తడిసిన ఉన్ని కంబళి వాసన. ఏసీ వేసి ఉన్న శుభ్రమైన గదిలో...

డన్‌మోర్ గారు ఒక్కసారిగా గాలి పీల్చారు. కళ్ళు తెరిచారు. నన్ను చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"ఇంకా కాదంటున్నాడు" అన్నారు.

ఎవరని అడిగితే చెప్పలేదు. అక్టోబరులో మళ్ళీ అలాగే జరిగింది. డిసెంబరులో మళ్ళీ. డాక్టరుకి చెబితే, నాడి అందకపోయి ఉంటుంది, ముసలివాళ్ళలో మామూలే అన్నారు. నేనూ సరేననుకున్నాను. ఛార్టులో మాత్రం ఆ వాసన గురించి రాయలేదు.

ఫిబ్రవరి పదకొండు మంగళవారం. మధ్యాహ్నం రెండింటికి నేను వెళ్ళేసరికి మంచు మొదలైంది. మూడున్నరకి రోడ్డు కనిపించడం మానేసింది. పగలు ఉండాల్సిన ఆయా రాలేదు. నాలుగింటికి కరెంటు పోయింది. హీటర్ ఆగిపోయిన ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

లెవి ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావ్ వసంతా? బయల్దేరావా?"

"లేదండీ. కార్ మంచులో కూరుకుపోయింది. ఈయన్ని వదిలేసి రాలేను. కొడుకు వచ్చేదాకా ఉంటాను."

"డ్రైవ్ చేయకు. అబీని నేను పికప్ చేసేశాను. ఫోన్ ఛార్జ్ జాగ్రత్త."

రోజర్ కూడా ఫోన్ చేశాడు. మంచు తీసే బండి వస్తేగాని కదలలేనన్నాడు. నేను డన్‌మోర్ గారికి రెండు దుప్పట్లు కప్పి, నా కోటు కూడా పైన వేసి, టార్చి బల్ల మీద నిలబెట్టాను. ఇంకా చీకటి పడలేదు. కర్టెన్ వెనక నుంచి మంచు వెలుతురు బూడిద రంగులో వస్తోంది.

నాలుగున్నరకి పెరట్లో అడుగుల చప్పుడు వినిపించింది.

పక్కింటివాళ్ళు ఎవరైనా చూసి పోదామని వస్తున్నారనుకున్నాను. లేచి రెండడుగులు వేసి ఆగిపోయాను. బయట మోకాలి లోతు మంచు ఉంది. మంచు మీద నడిస్తే కరకరమంటుంది. ఇది ఆ చప్పుడు కాదు. బురదలో దిగబడిన కాలిని పీకి, మళ్ళీ దింపుతున్న చప్పుడు. ఛప్... కాసేపు ఏమీ లేదు. ఛప్... ఒక కాలు ఈడుస్తున్నట్టుంది.

అది గాజు తలుపు దగ్గర ఆగింది.

"కార్పోరల్..."

మగ గొంతు. కుర్రతనం ఇంకా పోని గొంతు. గట్టిగా పిలవలేదు. పక్క గదిలో నిద్రపోతున్నవాళ్ళని లేపడానికి మొహమాటపడుతున్నట్టు పిలిచింది.

డన్‌మోర్ గారు నా వైపు తల తిప్పారు. "విన్నావా? నువ్వు కూడా విన్నావు కదా?" ఆ ముఖంలో భయం కంటే ముందు ఒక ఊరట కనిపించింది. "ఇన్నేళ్ళలో ఇంకెవరికీ వినపడలేదు. నా భార్యకి కూడా."

"ఎవరతను?"

"నీ ఫోన్‌లో రికార్డ్ చెయ్యి. నాకు ఎక్కువ టైం ఇవ్వడు."

ఫోన్ ఆయన దిండు మీద పెట్టాను. ఆయన చెప్పింది ఇంగ్లీషులో. ఆగి ఆగి, ఊపిరి పోగేసుకుని చెప్పారు.

ఆయన పుట్టింది సరిహద్దు నదికి అవతల, కెనడాలో. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా సైన్యంలో తనంతట తనే చేరారు. తమ్ముడు కూడా చేరాడు. చేరని కుర్రాళ్ళని ప్రభుత్వం చట్టం పెట్టి బలవంతంగా పట్టుకొచ్చింది. వాళ్ళు దేశం దాటి యుద్ధానికి వెళ్తామని సంతకం పెట్టకపోతే కెనడాలోనే కాపలా కాసేవారు. ఇష్టపడి చేరినవాళ్ళు వాళ్ళని జాంబీలు అని పిలిచేవారు. అంటే నడిచే శవాలని. నలభై నాలుగు అక్టోబరులో డన్‌మోర్ గారి తమ్ముడు చనిపోయాడు. అతని దళంలో ఉండాల్సినవాళ్ళలో సగంమంది కూడా లేరు, సాయం రావాల్సిన మనుషులు రాలేదు. తర్వాత ప్రభుత్వం ఆ జాంబీలలో కొందరిని ఓడలెక్కించి పంపింది. మరుసటి మార్చిలో, జర్మనీలో ఒక అడవి అంచున, ఒకడు కార్పోరల్‌గా ఆయన నడిపే చిన్న జట్టులోకి వచ్చాడు.

"లూసియన్ థెరియో. ఇరవై ఏళ్ళు. క్యూబెక్‌లో పొలం పని చేసుకునేవాడు. ఇంగ్లీషు సరిగ్గా రాదు. నేనేం తిట్టినా 'యెస్ కార్పోరల్' అనేవాడు. అది నాకు ఇంకా మండేది. మా తమ్ముడు చచ్చేటప్పుడు వీడు ఇంట్లో వెచ్చగా ఉన్నాడు. వీడి ముఖం చూసినప్పుడల్లా అదే."

బయట గాజు మీద ఏదో ఆనింది. తడి వేలు మెల్లగా కిందికి జారుతున్న చప్పుడు.

"వాడొచ్చిన తొమ్మిదో రోజు. వాన. ఇద్దరం ముందుకెళ్ళి శత్రువులు ఎక్కడున్నారో చూసి రావాలి. తిరిగి వస్తుంటే కాల్పులు. నాకు భుజంలో తగిలింది. వాడే నన్ను ఈడ్చుకుంటూ కాలువ దాటించాడు. చివర్లో వాడికి తొడలో తగిలింది. కాలువలో పడ్డాడు. నడుము దాకా బురద. నా చెయ్యి పట్టుకున్నాడు. నేను లాగగలిగేవాణ్ణి నర్స్. ఒక చేత్తో అయినా లాగగలిగేవాణ్ణి." ఆయన తన అరచేతిని చూసుకున్నారు. "ఓర్చుకో, వస్తున్నానని చెప్పాను. చెప్పి వేళ్ళు విడిపించుకున్నాను."

"మనుషుల్ని పంపించలేదా?"

"జాంబీ పారిపోయాడని సార్జెంట్‌కి చెప్పాను. భుజంలో గుండు ఉండగా నేనొక్కణ్ణే పాక్కుంటూ వచ్చానన్నాను. దానికి పతకం ఇచ్చారు." ఆయన నవ్వబోయారు. దగ్గు వచ్చింది. "వాడు రెండు రాత్రులు, ఒక పగలు పిలిచాడు. కార్పోరల్, కార్పోరల్ అని. ఎవరది అని మా వాళ్ళు అడిగారు. జర్మన్లు మనల్ని బయటికి లాగడానికి ఇంగ్లీషులో పిలుస్తున్నారు, ఎవరూ కదలొద్దన్నాను. మూడో రోజు ట్యాంకుల కోసం ఆ కాలువ పూడ్చేశారు. వాళ్ళమ్మకి కాగితం వెళ్ళింది, నీ కొడుకు యుద్ధం నుంచి పారిపోయాడని. ఊళ్ళో వాళ్ళు ఆమెతో మాట్లాడటం మానేశారట. చర్చి ముందు రాతి సిలువ మీద యుద్ధంలో చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కారు. వాడి పేరు లేదు."

లూసియన్ ఊరి పేరు కూడా చెప్పారు. అక్కడితో ఊపిరి ఆగిపోయింది.

నేను నాడి పట్టుకుని చూస్తున్నాను. తలుపు తెరుచుకోలేదు. కర్టెన్ కదల్లేదు. కానీ చప్పుడు ఇప్పుడు గదిలో ఉంది. ఛప్... కార్పెట్ మీద. ఛప్... మంచానికి అవతలి పక్క. బురద వాసన ముక్కుపుటాల్లో నిండిపోయింది. టార్చి వెలుగుతూనే ఉంది. వెలుగులో ఎవరూ లేరు.

ఆయన గుండె మీద దుప్పటి కిందికి నొక్కుకుపోయింది. అరచేతి ఆకారం. ఐదు వేళ్ళు. ఆ గుంటలోంచి నల్లటి నీళ్ళు ఊరాయి. దుప్పటి మీద మెల్లగా పాకాయి.

డన్‌మోర్ గారు గాలి పీల్చి కళ్ళు తెరిచారు.

ఇంగ్లీషు మాటలు ఆయన చెవి దగ్గర వినిపించాయి. వేరే భాష వాడు జాగ్రత్తగా గుర్తుంచుకుని పలికినట్టు. "ఓర్చుకో కార్పోరల్. వస్తున్నాను."

అందులో కోపం లేదు.

ఆయన మళ్ళీ పోయారు. ఆ చెయ్యి మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచారు. పది నిమిషాల్లో నాలుగుసార్లు. లేచిన ప్రతిసారీ నోట్లోంచి బురద నీళ్ళు వచ్చాయి. ఆయన నా చెయ్యి పట్టుకుని "ప్లీజ్... ప్లీజ్..." అంటున్నారు. నన్నో, వాణ్ణో తెలియదు. నేను ప్రార్థన మొదలుపెట్టాను. "పరలోకమందున్న మా తండ్రీ" అన్న తర్వాత మాటలు రాలేదు. పుట్టినప్పటి నుంచి చెప్పుకునే ప్రార్థన... ఒక్క ముక్క గుర్తు రాలేదు.

అప్పుడు తెలుగులోనే అరిచాను. "వదిలెయ్ నాయనా! నువ్వు పారిపోలేదని మీవాళ్ళకి నేను చెప్తాను. ఊరంతటికీ తెలిసేలా చెప్తాను. మాటిస్తున్నాను. ఆయన్ని పోనివ్వు!"

గదిలో కదలిక ఆగింది.

ఎవరో నా వైపు తిరిగి చూస్తున్నట్టు అనిపించింది. చాలాసేపు. నా చెంప మీద చల్లటి ఊపిరి తగిలింది. తర్వాత దుప్పటి మీది గుంట నెమ్మదిగా పైకి లేచి సర్దుకుంది. డన్‌మోర్ గారు ఒక నిట్టూర్పు విడిచారు. మళ్ళీ పీల్చలేదు. ఐదూ పదికి నేను టైం రాసుకున్నాను. నా రాత నాకే అర్థం కాకుండా ఉంది.

రోజర్ ఏడింటికి వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, రిటైరైన లాయరు. తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టుకుని ఏడ్చాడు. అతనికి చెప్పకుండా ఉండలేకపోయాను. రికార్డింగ్ వినిపించాను. కిచెన్‌లో నిలబడి మొత్తం విన్నాడు. ఫోన్ నా చేతికిచ్చాడు.

"డిలీట్ చెయ్యండి."

"రోజర్, ఆయనే రికార్డ్ చెయ్యమన్నారు. ఆ కుటుంబానికి..."

"మార్ఫిన్ ఎక్కిన ముసలాయన కలవరింతలు అవి. శనివారం మా నాన్నకి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు. ఆయన పతకం చూసుకుంటూ నేను పెరిగాను." గొంతు పెంచలేదు. "పేషెంట్ మాటలు బయటపెట్టిన నర్సుకి లైసెన్స్ ఉంటుందా? మీ వర్క్ పర్మిట్ మీ ఆయన వీసా మీద కదా? ఆలోచించుకోండి."

నేను డిలీట్ చేశాను. అతను చూస్తుండగానే.

ఇంటికొచ్చి లెవికి అంతా చెప్పాను. అతను నా చేతులు పట్టుకుని కూర్చున్నాడు. "నువ్వు భయపడ్డావు, పాపం. కానీ ఎనభై ఏళ్ళ నాటి సంగతి వసంతా. ఆ తల్లి కూడా లేదు ఇప్పుడు. మన గ్రీన్ కార్డ్ ఆఖరి స్టేజ్‌లో ఉంది. మనకెందుకు?" నాకూ ఆ మాటే కావాలేమో. సరేనన్నాను. రెండు నెలలు నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ ఊరి పేరు మాత్రం రోజూ గుర్తొచ్చేది. స్నానం చేసేటప్పుడు, చర్చిలో పాట పాడేటప్పుడు. గుర్తొస్తే వేరే పని పెట్టుకునేదాన్ని.

ఏప్రిల్ పదో తారీఖున మా ఆఫీసులో షెడ్యూల్స్ చూసే రష్మి ఫోన్ చేసింది. "అక్కా, నీ పేషెంట్ డన్‌మోర్ లేడూ, ఆయన కొడుకు నిన్న పోయిండంట. రోడ్డు పక్క కాలువలో దొరికిండు."

"యాక్సిడెంటా?"

"కాదంట. కార్ మంచిగ పక్కకి పార్క్ చేసి ఉంది, లైట్స్ ఆన్‌లనే ఉన్నయ్. బోర్లా పడి ఉన్నడంట. నీళ్ళు మోకాలి దాకా గూడ లేవు. హార్ట్ ఎటాక్ అంటున్నరు."

ఆ సాయంత్రమే క్యూబెక్‌లో ఆ ఊరి చర్చికి ఈమెయిల్ రాశాను. ఏమీ దాచలేదు. నేను డిలీట్ చేసిన సంగతి కూడా రాశాను. లెవి నా వెనక నిలబడి చదివాడు. ఈసారి వద్దనలేదు.

వారం తర్వాత జవాబు వచ్చింది. రాసింది కొలెట్ థెరియో. లూసియన్ తమ్ముడి కూతురు, డెబ్బై నాలుగేళ్ళు. మనవరాలి చేత ఇంగ్లీషులో రాయించింది. నా ఉత్తరం ఆదివారం చర్చిలో అందరి ముందూ చదివారట. లూసియన్ పేరు సిలువ మీద చెక్కించడానికి రాతి పనివాడికి చెప్పారట. "మా నాయనమ్మ బతికి ఉంటే మీ చేతులు ముద్దు పెట్టుకునేది" అని రాసింది. అది చదివి నేను ఏడ్చాను. అబిగేల్ వచ్చి "మమ్మీ, వై ఆర్ యూ క్రయింగ్? ఏమైంది?" అంటూ కౌగిలించుకుంది.

కింద ఇంకా ఉంది.

"ఒక విషయం మిమ్మల్ని అడగాలి. ఫిబ్రవరి పన్నెండు నుంచి మా ఇంటి ఫోన్‌లో రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఒక మెసేజ్ రికార్డవుతోంది. నంబరు కనిపించదు. వాన చప్పుడు ఉంటుంది. ఒక ముసలాయన ఇంగ్లీషులో, కాలు కదలడం లేదు, ఎవరైనా రండి, అంటుంటాడు. ఎవరో ఆకతాయిలనుకున్నాం. ఏప్రిల్ ఏడు నుంచి ఇంకో మగ గొంతు కూడా వస్తోంది. నాన్నా, ఎక్కడున్నావ్, నాకేం కనపడటం లేదు, అంటున్నాడు. వీళ్ళెవరో మీకేమైనా తెలుసా?"

డన్‌మోర్ గారు పోయింది ఫిబ్రవరి పదకొండున. రోజర్ పోయింది ఏప్రిల్ తొమ్మిదిన. గొంతు వచ్చింది ఏడున. అప్పటికి అతను బతికే ఉన్నాడు. రెండు రోజులు బతికే ఉన్నాడు.

నాకు తెలిసింది రాసి పంపాను. ఇప్పుడు నిజం అందరికీ తెలిసింది కదా, ఇక మెసేజ్‌లు ఆగిపోతాయేమో చూడమని రాశాను. రోజూ ఈమెయిల్ తెరిచి చూసుకున్నాను. ఈ ఉదయం జవాబు వచ్చింది. అది చదివి నేను సెలవు పెట్టాను. అబిగేల్‌ని స్కూలుకి పంపలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియక గట్టిగా కసిరాను. అది పైన తన గదిలో అలిగి కూర్చుంది. లెవి ఆఫీసు నుంచి బయల్దేరాడు.

కొలెట్ రాసింది ఇది.

"ఆగలేదు. ముసలాయన, ఆయన కొడుకు ఇంకా పిలుస్తూనే ఉన్నారు. నిన్నటి నుంచి మూడో గొంతు కూడా వస్తోంది. ఏడుస్తూ మాట్లాడుతోంది. ఆడమనిషో, ఆడపిల్లో చెప్పలేకపోతున్నాం. అది ఫ్రెంచి కాదు, ఇంగ్లీషూ కాదు. మాకు తెలిసిన ఏ భాషా కాదు. ఫైల్ దీనితో పంపుతున్నాను. మీరు వింటే గుర్తుపడతారేమోనని."

ఫైల్ నిడివి ఒక నిమిషం పన్నెండు సెకన్లు. ఇంకా తెరవలేదు.